బాధ్యత ఠాణాది, పద్దు ఎవరిది? మానసిక సంక్షోభంలో పోలీసు సాయానికి నిధులు ఎక్కడ ఆగుతున్నాయి

రాత్రి పదకొండు దాటింది. జిల్లా కేంద్రానికి 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక మండల కేంద్రం నుంచి 112కు ఫోన్ వచ్చింది. మాట్లాడుతున్నది ఒక తల్లి. ఇరవై నాలుగేళ్ల కొడుకు మూడు రోజులుగా నిద్రపోవడం లేదని, ఎవరో తనను చంపడానికి వస్తున్నారంటూ గదిలో గడియ పెట్టుకుని కూర్చున్నాడని, లోపల కత్తిపీట కూడా ఉందని చెబుతోంది. అంతకుముందు అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే ముందు పోలీసులను పిలవమన్నారు. కాసేపటికి పెట్రోలింగ్ వాహనం వచ్చింది. అందులో ఒక హెడ్ కానిస్టేబుల్, ఒక హోంగార్డు, డ్రైవర్ ఉన్నారు. ఇలాంటి స్థితిలో ఉన్న మనిషితో ఎలా మాట్లాడాలో ఆ ముగ్గురిలో ఎవరికీ ఎవరూ నేర్పలేదు.

ఇది ఫలానా ఊళ్లో ఫలానా రోజు జరిగిన సంఘటన కాదు. దేశంలో ఏ ఠాణాలోనైనా ఎదురయ్యే తరహా రాత్రి. ఆ కుర్రాడు నేరం చేయలేదు. అతడికి కావాల్సింది డాక్టరు. కానీ ఆ వేళప్పుడు ఇంటికి వచ్చే ప్రభుత్వం పోలీసు రూపంలోనే వస్తుంది. ఆ పోలీసు ఏం చేయాలో చట్టంలో స్పష్టంగా ఉంది. అది చేయడానికి అయ్యే ఖర్చు ఏ శాఖ భరించాలో మాత్రం ఎక్కడా స్పష్టంగా లేదు.

చట్టం ఏం చెబుతోంది?

పార్లమెంటు ఆమోదించిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. అందులోని 100వ సెక్షన్ పోలీసుల విధులకు సంబంధించినది. స్టేషన్ పరిధిలో ఇద్దరిని రక్షణలోకి తీసుకోవాల్సిన బాధ్యత ఆ స్టేషన్ హౌస్ ఆఫీసర్‌దేనని ఈ సెక్షన్ చెబుతోంది. ఒకరు, మానసిక అస్వస్థతతో తన బాగోగులు తాను చూసుకోలేక వీధుల్లో తిరుగుతున్న వ్యక్తి. రెండోవారు, మానసిక అస్వస్థత వల్ల తనకు గానీ ఇతరులకు గానీ హాని చేసే ప్రమాదం ఉన్న వ్యక్తి. గదిలో గడియ పెట్టుకున్న కుర్రాడు రెండో కోవలోకి వస్తాడు.

ఇక్కడ 'రక్షణలోకి తీసుకోవడం' అంటే అరెస్టు కాదు. ఎందుకు తీసుకెళ్తున్నారో ఆ వ్యక్తికి చెప్పాలి. అర్థం చేసుకునే స్థితిలో లేకపోతే అతడి తరఫున నామినేట్ అయిన ప్రతినిధికి చెప్పాలి. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా, దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. అక్కడి వైద్యాధికారి పరీక్షించి ఆసుపత్రిలో చేర్చాల్సిన అవసరం లేదంటే, పోలీసులే ఇంటి దగ్గర దింపాలి. ఇల్లు లేనివారైతే నిరాశ్రయుల కోసం ప్రభుత్వం నడిపే వసతి గృహానికి చేర్చాలి. వీధుల్లో దొరికిన వ్యక్తి విషయంలో మిస్సింగ్ ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, కుటుంబాన్ని వెతికి సమాచారం ఇవ్వాల్సింది కూడా ఆ స్టేషన్ హౌస్ ఆఫీసరే.

అంతకుముందు అమల్లో ఉన్న 1987 నాటి చట్టంలో దారి వేరు. పోలీసులు ఆ వ్యక్తిని మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇస్తేనే మానసిక వైద్యశాలలో చేర్చుకునేవారు. 2017 చట్టం ఆ దారిని కోర్టు వైపు నుంచి ఆసుపత్రి వైపు మళ్లించింది. దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం అంటే ఎర్రగడ్డో, విశాఖ చినవాల్తేరో కానక్కర్లేదు. అత్యవసర పరిస్థితిలో రిజిస్టర్డ్ డాక్టరు ఎవరైనా, ప్రతినిధి అందుబాటులో ఉంటే అతడి సమ్మతితో, గరిష్ఠంగా 72 గంటల పాటు చికిత్స అందించవచ్చని 94వ సెక్షన్ చెబుతోంది. మరో ముఖ్యమైన మాట 21వ సెక్షన్‌లో ఉంది. శారీరక జబ్బు ఉన్నవారికి ఎలాంటి అంబులెన్స్, ఎలాంటి అత్యవసర సేవ అందుతుందో, మానసిక జబ్బు ఉన్నవారికీ అదే నాణ్యతతో అందాలి.

ఆత్మహత్యాయత్నం విషయంలోనూ చట్టం దిశ మార్చింది. ఆ ప్రయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని, శిక్షించకూడదని, సంరక్షణ, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిదని 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణ నుంచి అడ్డుకోవడానికో, ఒత్తిడి చేయడానికో ఆత్మహత్యకు ప్రయత్నిస్తే మాత్రం 226వ సెక్షన్ కింద నేరమే. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. బతికి బయటపడినవారి దగ్గరకూ చాలాసార్లు ముందుగా చేరుకునేది పోలీసులే.

ఒక రాత్రికి అయ్యే ఖర్చు

కాగితం మీద 100వ సెక్షన్ పేజీకి మించదు. దాన్ని అమలు చేయాలంటే ఏమేం కావాలో ఒక్కొక్కటీ లెక్కేసుకుంటే సమస్య అర్థమవుతుంది.

మొదటిది, మాట్లాడగలిగే మనిషి. తలుపు అవతల ఉన్నవాడిని గద్దించకుండా, తొందరపెట్టకుండా, గంటసేపైనా నిలబడి మాట కలిపే నేర్పు ఉండాలి. అది శిక్షణతో వస్తుంది. శిక్షణకు రోజులు కావాలి. ఆ రోజుల్లో స్టేషన్‌లో వారి డ్యూటీ చేయడానికి వేరే మనుషులు కావాలి.

రెండోది, వాహనం. ఉన్న ఒక్క పెట్రోలింగ్ బండిని 60 కిలోమీటర్ల దూరంలోని జిల్లా ఆసుపత్రికి పంపితే తెల్లవారేదాకా ఆ మండలంలో గస్తీ ఉండదు. ప్రైవేటు కారు మాట్లాడితే కిరాయి ఎవరివ్వాలన్నది ప్రశ్న. బాధితురాలు మహిళ అయితే మహిళా కానిస్టేబుల్ తోడు ఉండాలి. ఆమెను పక్క స్టేషన్ నుంచి పిలిపించాల్సి రావచ్చు.

మూడోది, ఆసుపత్రిలో నిరీక్షణ. అక్కడ ఆ సమయానికి సైకియాట్రిస్టు ఉండరు. డ్యూటీ డాక్టరు పెద్దాసుపత్రికి రాసిస్తారు. అంటే మళ్లీ ప్రయాణం. కుటుంబం లేని మనిషైతే పక్కన అటెండరుగా ఉండేదీ, భోజనం తెచ్చేదీ, స్నానం చేయించి బట్టలు మార్పించేదీ కానిస్టేబులే.

నాలుగోది, తర్వాతి గమ్యం. ఆసుపత్రి అవసరం లేదన్నాక ఎక్కడికి తీసుకెళ్లాలి? కుటుంబం ఒడిశాలోనో, బిహార్‌లోనో ఉందని తేలితే చేరవేయడానికి టికెట్లు, ఎస్కార్టు, రోజుల తరబడి సమయం కావాలి.

ఈ నాలుగింటిలో ఒక్కదానికీ ఠాణాకు వచ్చే నిధుల్లో పేరు పెట్టిన పద్దు లేకపోతే ఆ ఖర్చు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి ఎస్సై జేబు, రెండు ఊళ్లోని దాతల దయ. రెండూ లేని రోజున పని జరగదు. వీధిలో తిరుగుతున్న మనిషిని చూసీ చూడనట్టు వదిలేయడం, పక్క స్టేషన్ హద్దు దాటించి రావడం, ఇంట్లో గొడవ అయితే 'మీరే చూసుకోండి' అని సర్దిచెప్పి వెళ్లిపోవడం ఇలాంటి చోటే మొదలవుతాయి. కొందరు పోలీసుల్లో దయ లేకపోవడం ఒక కారణం కావచ్చు. దయ ఉన్న పోలీసుకు కూడా చేతిలో ఏమీ లేకపోవడం అంతకంటే పెద్ద కారణం.

డబ్బు ఎక్కడుంది?

పోలీసు వ్యవస్థ, ప్రజారోగ్యం రెండూ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశాలు. రాష్ట్ర బడ్జెట్ పుస్తకాల్లో పోలీసు వ్యయం 2055 నంబరు పద్దు కింద, వైద్యారోగ్యం 2210 కింద, సామాజిక భద్రత-సంక్షేమం 2235 కింద ఉంటాయి. పట్టణాల్లో నిరాశ్రయుల వసతి గృహాలు పురపాలక శాఖ చూసుకుంటుంది. ఒక మనిషిని వీధి నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి ఆశ్రయానికి చేర్చే ప్రయాణం ఒకే రాత్రిలో ఈ పద్దులన్నిటినీ దాటుతుంది. ప్రతి శాఖా తన హద్దు వరకే చూస్తుంది. హద్దుకూ హద్దుకూ మధ్య ఉన్న దూరానికి ఎవరూ డబ్బు పెట్టరు.

ఈ లోటు చట్టం పుట్టినప్పుడే ఉంది. బిల్లుకు జతచేసిన ఆర్థిక వివరణలో దాన్ని అమలు చేయడానికి ఎంత ఖర్చవుతుందో, కేంద్రం ఎంత, రాష్ట్రాలు ఎంత భరించాలో చెప్పలేదు. చట్టసభల వ్యవహారాలను విశ్లేషించే పీఆర్‌ఎస్ సంస్థ అప్పట్లోనే దీన్ని ఎత్తిచూపింది.

కేంద్ర కేటాయింపులు చూస్తే పరిస్థితి మరింత స్పష్టమవుతుంది. 2023-24 బడ్జెట్‌లో మానసిక ఆరోగ్యానికి నేరుగా కేటాయించింది సుమారు రూ.919 కోట్లు. కేంద్ర ఆరోగ్య శాఖ మొత్తం బడ్జెట్‌లో అది ఒక శాతం దగ్గర ఉంటుంది. అందులో రూ.721 కోట్లు బెంగళూరులోని నిమ్హాన్స్‌కే. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ ఫోన్ సేవకు ఆ ఏడాది సుమారు రూ.134 కోట్లు ఇచ్చారు. మరుసటి ఏడాది అది రూ.90 కోట్లకు తగ్గింది.

జిల్లా స్థాయిలో ఉన్నది 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం. దీని కింద ఒక జిల్లాకు ఏడాదికి గరిష్ఠంగా రూ.83.2 లక్షల సాయం అందుతుంది. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, నర్సులు, సోషల్ వర్కర్ల జీతాలు, మందులు, పది పడకల వార్డు, కాలేజీల్లో కౌన్సెలింగ్ అన్నీ ఆ పరిమితిలోనే నడవాలి. రాత్రి పూట పిలిస్తే వచ్చే బృందానికి అందులో చోటు దొరకడం కష్టం. పైగా డబ్బు ఉన్నా మనుషులు లేరు. దేశంలో లక్ష జనాభాకు 0.75 మంది మాత్రమే సైకియాట్రిస్టులు ఉన్నారని 2023లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక గుర్తుచేసింది. కనీసం ముగ్గురు ఉండాలన్నది నిపుణుల అంచనా.

పోలీసు బడ్జెట్‌లోంచి ఇవ్వవచ్చా?

ఆరోగ్య శాఖ దగ్గర లేని డబ్బు పోలీసు శాఖ దగ్గర ఉందా అంటే, కనీసం దారి ఉంది. పోలీసు పనిలో ఒక ప్రత్యేక బాధ్యతను గుర్తించి దానికి పేరు పెట్టి నిధులు ఇచ్చిన ఉదాహరణలు దేశంలో ఇప్పటికే ఉన్నాయి.

నిర్భయ నిధి నుంచి 10,000 పోలీస్ స్టేషన్లలో మహిళా సహాయ కేంద్రాల కోసం కేంద్ర హోం శాఖ రూ.100 కోట్లు మంజూరు చేసింది. అంటే స్టేషన్‌కు సగటున లక్ష రూపాయలు. 112 అత్యవసర స్పందన వ్యవస్థ కూడా అదే నిధితో మొదలైంది. హైదరాబాద్‌లో 2016లో ప్రారంభమైన భరోసా కేంద్రం మరో ఉదాహరణ. హింసకు గురైన మహిళలు, పిల్లలకు పోలీసు, వైద్య, న్యాయ సాయంతో పాటు కౌన్సెలర్లను కూడా ఒకే చోట అందుబాటులోకి తెచ్చిన ఏర్పాటు అది. యూనిఫాం వేసుకోని నిపుణులు పోలీసు వ్యవస్థతో కలిసి పనిచేయడం తెలుగు నేలకు కొత్త కాదు.

కేంద్రం 2022 ఫిబ్రవరిలో ఆమోదించిన పోలీసు ఆధునికీకరణ పథకం విలువ 2021-22 నుంచి 2025-26 వరకు ఐదేళ్లకు రూ.26,275 కోట్లు. అందులో రాష్ట్ర పోలీసు బలగాల ఆధునికీకరణ వాటా రూ.4,846 కోట్లు. ఏడాదికి సుమారు రూ.970 కోట్లు అనుకోవచ్చు. దేశంలో 17 వేలకు పైగా పోలీస్ స్టేషన్లు ఉన్నాయి. మహిళా సహాయ కేంద్రాలకు ఇచ్చిన కొలతనే తీసుకుని ఒక్కో స్టేషన్‌కు ఏడాదికి లక్ష రూపాయలు మానసిక సంక్షోభ స్పందనకు కేటాయిస్తే అయ్యేది రూ.170 కోట్ల పైచిలుకు. నెలకు ఎనిమిది వేల రూపాయలతో కొత్త బృందాలను పెట్టలేరు. కానీ వాహనం కిరాయి, భోజనం, బట్టలు, కుటుంబం దగ్గరకు చేర్చే ప్రయాణ ఖర్చు ఎస్సై జేబులోంచి పోకుండా ఆపవచ్చు. చిన్న మొత్తమైనా దానికి పద్దు ఉంటే లెక్క ఉంటుంది. లెక్క ఉంటే ఏ స్టేషన్ ఎంతమందిని ఆసుపత్రికి చేర్చిందో పై అధికారి అడగగలుగుతారు.

శిక్షణ సంగతికొస్తే, పోలీసు అధికారులకు ఈ చట్టంపై ఎప్పటికప్పుడు అవగాహన కల్పించాలని 30వ సెక్షన్ చెబుతోంది. చట్టాన్ని అమలు చేసే అధికారులకు శిక్షణ ఇవ్వడం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ విధుల్లో ఒకటి కూడా. కానీ ఇండియా జస్టిస్ రిపోర్టులు ఏళ్లుగా చూపిస్తున్న లెక్క ప్రకారం దేశంలో పోలీసు వ్యయంలో శిక్షణకు వెళ్తున్నది ఒక శాతానికి కాస్త అటూ ఇటూ మాత్రమే. ఆ శాతంలోనే ఆయుధ శిక్షణ, కొత్త నేర చట్టాలు, సైబర్ నేరాలు అన్నీ రావాలి.

విదేశాల అనుభవం ఏం చెబుతోంది?

పోలీసులకు శిక్షణ ఇస్తే చాలా? అమెరికాలోని మెంఫిస్ నగరం ఈ ప్రశ్నను ముందుగా ఎదుర్కొంది. 1987లో మానసిక అస్వస్థతతో ఉన్న ఒక యువకుడు పోలీసు కాల్పుల్లో చనిపోయాక, 1988లో అక్కడ సంక్షోభ స్పందన బృందాలు ఏర్పడ్డాయి. ఎంపిక చేసిన పోలీసులకు 40 గంటల శిక్షణ ఇస్తారు. ఆ నమూనా అమెరికా అంతటా పాకింది. అయితే చాలా చోట్ల 40 గంటల పాఠాలను మాత్రమే అనువుగా తీసుకుని, మెంఫిస్‌లో దాని వెనక ఉన్న అసలు ఏర్పాటును వదిలేశారు. పోలీసులు ఎప్పుడు తీసుకొచ్చినా తిప్పిపంపకుండా చేర్చుకునే ఆసుపత్రి అక్కడ ఉంది. శిక్షణ పొందిన పోలీసుల వైఖరి మెరుగుపడుతుందని అధ్యయనాలు చెబుతున్నా, అరెస్టులు, బలప్రయోగం తగ్గడంపై ఫలితాలు కలగాపులగంగానే ఉన్నాయి. వెనక ఆసుపత్రి తలుపు తెరిచి లేకపోతే ముందు నిలబడ్డ పోలీసు ఎంత బాగా మాట్లాడినా ప్రయోజనం తక్కువే.

ఒరెగాన్ రాష్ట్రంలోని యూజీన్ నగరం మరో దారి ఎంచుకుంది. 1989లో వైట్ బర్డ్ క్లినిక్ అనే స్వచ్ఛంద సంస్థ 'కహూట్స్' పేరుతో సేవ ప్రారంభించింది. ఒక వైద్య సహాయకుడు, ఒక సంక్షోభ కార్యకర్త కలిసి వ్యానులో వెళ్తారు. ఆయుధాలు ఉండవు. ఫోన్లు నగర అత్యవసర కేంద్రం నుంచే వస్తాయి. ఖర్చు పోలీసు శాఖ బడ్జెట్ ద్వారానే అందేది. పోలీసుల సాయం అడగాల్సిన అవసరం అతి తక్కువ సందర్భాల్లోనే వచ్చింది. నగరానికి వచ్చే కాల్స్‌లో 17 శాతం వీరే చూస్తున్నారని ఒక లెక్క ప్రచారంలోకి వచ్చింది. నిజంగా పోలీసుల చేతి నుంచి తప్పించిన పని 5 నుంచి 8 శాతమేనని నగర పోలీసు శాఖ విశ్లేషణ చెప్పింది. అంకెల మీద వాదన ఉన్నా, 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత దేశమంతా ఈ నమూనా వైపు చూసింది.

అంత పేరున్న సేవ 2025 ఏప్రిల్‌లో యూజీన్‌లో ఆగిపోయింది. సంస్థ ఆర్థిక ఇబ్బందుల్లో పడింది, నగరంతో ఒప్పందం ముగిసింది. ముప్పై అయిదేళ్ల అనుభవం కూడా దాన్ని నిలబెట్టలేకపోయింది. ఏటా పునరుద్ధరించే ఒప్పందాల మీద, ఒక సంస్థ ఓపిక మీద ఆధారపడిన సేవ ఎంత మంచిదైనా గాలిలో దీపమే.

బ్రిటన్ మూడో దారి పట్టింది. హంబర్‌సైడ్ పోలీసులు 2020లో మొదలుపెట్టిన 'సరైన వ్యక్తి, సరైన సంరక్షణ' విధానాన్ని 2023 జులైలో జాతీయ ఒప్పందంగా మార్చారు. ప్రాణాపాయమో, నేరమో లేని ఆరోగ్య సంబంధ కాల్స్‌కు పోలీసులు వెళ్లరు, ఆరోగ్య సేవలే వెళ్లాలి. దీనివల్ల ఏడాదికి పది లక్షల పోలీసు పనిగంటలు మిగలవచ్చని ప్రభుత్వం అంచనా వేసింది. పోలీసులు తప్పుకున్న చోట నిలబడటానికి ఆరోగ్య సేవలకు సరిపడా అదనపు నిధులు రాలేదన్నది మానసిక ఆరోగ్య సంస్థల అభ్యంతరం.

ఆరోగ్య వ్యవస్థ ఇంకా గ్రామాల దాకా చేరని భారత్‌లో పోలీసులు ఒక్కసారిగా తప్పుకుంటే ఆ తల్లి ఫోన్‌కు పలికేవారే ఉండరు. అలాగని మొత్తం భారం వారి నెత్తిన పెడితే జబ్బు మళ్లీ శాంతిభద్రతల సమస్యగా మారుతుంది.

చెన్నైలో ఒక ప్రయత్నం

తమిళనాడు రాజధానిలో 2021లో నగర పోలీసులు 'కావల్ కరంగల్' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. వీధుల్లో దిక్కులేకుండా ఉన్నవారి గురించి సమాచారం వస్తే వెళ్లి చేరదీయడం, అవసరాన్ని బట్టి ఆసుపత్రికో, ఆశ్రయానికో, కుటుంబం దగ్గరకో చేర్చడం దాని పని. నగరపాలక సంస్థ, స్వచ్ఛంద సంస్థలు అందులో భాగస్వాములు. అంతకుముందే ఆ రాష్ట్రం వీధుల్లో ఉండే మానసిక రోగుల కోసం జిల్లాల్లో అత్యవసర సంరక్షణ, కోలుకునే కేంద్రాలు తెరవడం మొదలుపెట్టింది. పోలీసు చేయి అందించినప్పుడు అవతలి వైపు అందుకునే చేయి కూడా ఉండటమే ఈ ఏర్పాటులోని బలం. మొదటి అడుగు పోలీసులదే అయినా, మంచం, మందు వేరే శాఖవి.

తెలుగు రాష్ట్రాల సంగతి

108 అంబులెన్స్ సేవ పుట్టింది ఇక్కడే. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలై దేశమంతా విస్తరించింది. గుండెపోటు, ప్రమాదం, ప్రసవం అనగానే చేతికి వచ్చే నంబరు అది. అదే అంబులెన్స్‌లో మానసిక సంక్షోభంలో ఉన్న వ్యక్తిని సురక్షితంగా తీసుకెళ్లగలిగిన సిబ్బంది ఉంటే 21వ సెక్షన్ మాటకు అర్థం వస్తుంది. పోలీసు జీపు అవసరం సగం తగ్గుతుంది.

మరోవైపు, అవసరం ఎంతో చెప్పే లెక్కలే ఇక్కడ సరిగా లేవు. నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పన్నెండు రాష్ట్రాల్లో జరిగింది. పెద్దల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేల్చిన ఆ సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. పెద్ద మానసిక వైద్యశాల కావాలంటే తెలంగాణ జిల్లాల వారికి ఎర్రగడ్డ, ఉత్తరాంధ్ర వారికి విశాఖ గుర్తుకొస్తాయి. ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచో, పాడేరు కొండల నుంచో బయల్దేరిన పోలీసు వాహనానికి ఆ దూరాలు చిన్నవి కావు.

2025 జులైలో విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు, మానసిక ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని స్పష్టంచేసి, విద్యాసంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. హక్కు అని తేలాక దాన్ని అందించే ఖర్చు దయాధర్మం మీద ఉండకూడదు.

ఏ పద్దులో ఎంతవరకు?

ఈ చిక్కుముడికి విడుపు, బాధ్యతను కాలం ప్రకారం పంచుకోవడంలో ఉంది. ఫోన్ వచ్చిన క్షణం నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా అయ్యే ఖర్చు పోలీసు పద్దులో, పేరు పెట్టిన ఉపపద్దుగా ఉండాలి. గుమ్మం దాటిన దగ్గర్నుంచి ఆరోగ్య శాఖ పద్దు మొదలవ్వాలి. ఆసుపత్రి నుంచి బయటికొచ్చాక ఇల్లు లేనివారి భారం సంక్షేమ, పురపాలక శాఖలది. ఈ మూడు చోట్లా ఒకరి నుంచి ఒకరు మనిషిని అందుకునే సమయం, పద్ధతి జిల్లా స్థాయిలో రాతపూర్వకంగా ఉండాలి. కలెక్టర్ నెలకోసారి సమీక్షిస్తే ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

పోలీసు పద్దులో పెట్టే డబ్బు వేటికి వాడాలో కూడా ముందే తేల్చుకోవాలి. లేకపోతే అది కెమెరాలకో, కొత్త జీపులకో వెళ్లిపోతుంది. ప్రతి సర్కిల్‌లో శిక్షణ పొందిన ఇద్దరు ముగ్గురు సిబ్బంది, రాత్రి వేళ 112 నుంచి 14416 కౌన్సెలర్‌కు కాల్ కలిపే సదుపాయం, వాహనం, భోజనం, చేరవేత ఖర్చులకు స్టేషన్ దగ్గర చిన్న నిధి, జిల్లా ఆసుపత్రిలో పోలీసులు తెచ్చిన వ్యక్తిని తిప్పిపంపకుండా చేర్చుకునే రెండు పడకలు. ఇవేవీ కొత్త చట్టం అడిగేవి కావు. ఉన్న చట్టానికి ధర కట్టడమే. ఆధునికీకరణ పథకం తర్వాతి విడతను రూపొందించేటప్పుడు, రాష్ట్రాలు ఏటా 2055 పద్దు రాసుకునేటప్పుడు ఈ ఒక్క వరుస చేర్చడం అసాధ్యం కాదు.

అలా చేర్చిన రోజున, ఆ మండల కేంద్రంలో తలుపు దగ్గర నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్‌ స్పీకర్ ఫోన్‌లో కౌన్సెలర్ గొంతు వింటూ కుర్రాడితో మాట్లాడతాడు. బయట అంబులెన్స్ ఆగి ఉంటుంది. జిల్లా ఆసుపత్రిలో పడక ఖాళీగా ఉందని ముందే తెలిసి ఉంటుంది. తెల్లవారే సరికి జీపు తిరిగి గస్తీకి వెళ్లిపోతుంది. ఇంకో నెలకు ఆ కుర్రాడికి మళ్లీ నిద్ర పట్టని రాత్రి వస్తే, ఆ తల్లి భయపడకుండా ఫోన్ చేస్తుంది. మొదటిసారి వచ్చినవాళ్లు తన కొడుకుని నేరస్తుడిలా చూశారా, రోగిలా చూశారా అన్నదాని మీదే ఆ రెండో ఫోన్ ఆధారపడి ఉంటుంది.

(మానసికంగా తీవ్ర ఇబ్బందిలో ఉన్నవారు, వారి కుటుంబ సభ్యులు టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. ప్రాణాపాయం ఉందనిపిస్తే 112కు ఫోన్ చేయాలి.)